నాలుగో కొలతలో వలంపురి శంఖం

ఆగస్టు 18, సోమవారం

నేను రాజీనామా చెయ్యలేదు. ప్రిన్సిపాల్ బల్ల మీద ఒక కాగితం పెట్టి వచ్చాను, అంతే. ఆ కాగితంలో రాజీనామా అనే మాట ఉన్న సంగతి నిజమే. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి నేను సెలవులో ఉన్నట్టు. ఇన్నేళ్ళుగా డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, ఆ మాత్రం తర్కం నాకు తెలియదా?

అసలు నేనేం చేశాను? ఆలుగడ్డను చదరంగా కోసి, సిరాలో ముంచి, వరండాలో పరిచిన తెల్లబట్ట మీద పిల్లల చేత అచ్చు వేయించాను. ఒక చదరం వేసి, కాస్త పక్కకు జరిపి ఇంకోటి వేసి, మూలలు కలిపితే ఘనం బొమ్మ వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. ఆ ఘనం మొత్తాన్నీ ఇంకోవైపుకు జరిపి మళ్ళీ వేసి, మళ్ళీ మూలలు కలిపితే? నాలుగు కొలతల ఘనం! పొడవు, వెడల్పు, ఎత్తు, ఆపైన ఇంకోటి. దాన్ని ఎవరూ చూడలేరు. దాని నీడను మాత్రం ఇలా బట్ట మీద పట్టుకోవచ్చు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చి, "మేడం, సిలబస్‌లో లేని ముగ్గులు వరండాలో ఎందుకు?" అన్నాడు.

ముగ్గులట!

అమ్మకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, సెలవే కదా. రేపు ఎప్పటిలాగే క్యారియర్ కట్టించుకుని బయల్దేరతాను.

ఆగస్టు 19, మంగళవారం

కాలేజీ వైపు పోయే ఆటోనే ఎక్కి, మధ్యలో దిగేసి అనీసా షెడ్డుకు పోయాను.

అనీసాది అచ్చుల అద్దకం పని. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. టేకు చెక్క మీద అచ్చులు తనే చెక్కుతుంది, బట్ట మీద తనే వేస్తుంది. ఎప్పుడో అమ్మతో కలిసి చీర అంచు వేయించుకోవడానికి పోయి స్నేహం చేసుకున్నాను. నాకన్నా చిన్నది, నోరు మాత్రం నాకన్నా పెద్దది.

"కాలేజీ లేదా అక్కా?"

"సెలవు."

"ఎవురిచ్చినారు?"

"నేనే తీసుకున్నా."

అది నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా పకపకా నవ్వింది. ఆలుగడ్డల సంగతి చెప్పాను. ముగ్గులన్న మాట చెప్పగానే, "ఆ పెద్దమనిషికి నా చెక్క అచ్చుతో వీపు మీద ఒకటేసుండాల్సింది" అంది. మనసు తేలికపడింది.

ఇంతలో దాని తమ్ముడు షానవాజ్ వచ్చాడు. వీడు ఫ్లెక్సీ బ్యానర్లు వేసే మెషిన్ తెస్తాడట. ఎక్కడ పెడతాడు? ఈ షెడ్డులోనే. అద్దకం బల్ల తీసేసి. ఆ బల్ల షెడ్డు పొడవునా ఉంటుంది. పైన గోనెపట్టాలు, వాటి మీద పాత దుప్పట్లు పరిచి, అచ్చు మెత్తగా దిగేలా వాళ్ళ నాన్న చేయించినది. షెడ్డు లోపలే బిగించారు కాబట్టి బయటికి తియ్యాలంటే రంపంతో కొయ్యాల్సిందే.

"ఆపా, బ్రహ్మోత్సవాలొస్తే ఊరంతా ఫ్లెక్సీలే. నీ అచ్చులు ఎవురిక్కావల్ల?" అన్నాడు వాడు.

"నాకు కావల్ల."

"సరే. బ్రహ్మోత్సవాల లోపల ఒక్క పెద్ద ఆర్డరు తెచ్చి, నీ బట్ట వాళ్ళింట్లో ఎక్కించి చూపించు. నా మెషిన్ ఇంకో యాడన్నా పెట్టుకుంటా. లేదంటే బల్ల కోసేస్తా. మల్లా నన్ననకూడదు."

అనీసా చెయ్యి చాపింది. వాడు చేతిలో చెయ్యేశాడు. మధ్యలో నేను కూడా చెయ్యి పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు.

ఆగస్టు 20

చేతులకంటిన అద్దకం రంగు చూసి, ఆ నలుపేంది అని అమ్మ అడిగింది. కెమిస్ట్రీ ల్యాబ్ అన్నాను.

ఆగస్టు 21

"లెక్కల పంతులమ్మకు కెమిస్ట్రీ ల్యాబులో ఏం పని మే?" అని ఈరోజు అడిగింది. అంటే రాత్రంతా ఆలోచించిందన్నమాట. మా అమ్మ దేవకమ్మగారి సంగతి నాకు తెలియదా? మార్కెట్‌లో వంకాయను కూడా నాలుగుసార్లు తిప్పి చూసే మనిషి. కాలేజీలో మనుషులు తక్కువయ్యారు, అన్నీ మేమే చూసుకుంటున్నాం అన్నాను. "అట్నా" అంది. ఆ "అట్నా" నాకు నచ్చలేదు.

ఆగస్టు 25, సోమవారం

ఈరోజు నేను చేసిన పని తలుచుకుంటే నాకే ముద్దొస్తోంది.

బస్టాండు దగ్గర అమర్‌నాథ్ శెట్టిగారి లాడ్జి ఉంది. దుప్పట్ల మూలల్లో లాడ్జి పేరు అచ్చు వెయ్యాలని అనీసాను పిలిచాడు. తోడుగా నేనూ పోయాను. రిసెప్షన్‌లో గాజుపెట్టె, అందులో పట్టుగుడ్డ మీద శంఖం, దానికి రోజూ తులసిమాల. వచ్చిన ప్రతి యాత్రికుడికీ ముందు తాళంచెవి కాదు, శంఖం చూపిస్తాడు.

"వలంపురి! మామూలు శంఖాలకు సుడి ఎడమపక్కకు తిరుగుతాది. దీనికి సూడండి, కుడిపక్కకు. లచ్చల్లో ఒకటి దొరికితే గొప్ప. మా తాత రామేశ్వరం నుంచి తెచ్చినాడు. ఇది వచ్చినాకే మాకు ఈ నాలుగంతస్తులు."

నాకు నోరు ఊరుకోదు కదా. "మామూలు శంఖాన్ని ఎంత తిప్పినా వలంపురి కాదు కదా సార్?" అని అడిగాను.

"ఎట్లయితాదమ్మా? అది పుట్టుకతో రావాల."

"నాలుగో కొలత అని ఒకటుంది. ఆ వైపుగా ఒక్కసారి తిప్పి తెచ్చామంటే మామూలు శంఖం వలంపురి అయిపోతుంది."

శెట్టిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "యాడుండాది మేడం అది?"

"లెక్కలో ఉంది సార్."

"లెక్కలో ఉంటే బ్యాంకులో ఉండినట్టే గదా!" అన్నాడు. ఆ తర్వాత ఏం తోచిందో, గాజుపెట్టె మీద చెయ్యేసి, "అయితే వలంపురిని అట్ల తిప్పితే?" అన్నాడు.

"మామూలుదైపోతుంది."

"మాది యాడికీ తిరగాల్సిన పని లేదమ్మా" అని పెట్టెను తనవైపు లాక్కున్నాడు.

అక్కడి నుంచి నేను ఆగలేదు. రిసెప్షన్ గోడ నిండుగా ఒక పెద్ద బట్ట, దాని మీద నాలుగు కొలతల ఘనం, అది తన మధ్యలో ఈ వలంపురిని కాపాడుతున్నట్టు ఉంటుందని చెప్పాను. ఏ లాడ్జిలోనూ ఇలాంటిది లేదన్నాను. ఆ చివరి మాటకు పడిపోయాడు. "బ్రహ్మోత్సవాలకు ముందే కావాల. శంఖం మాత్రం వలంపురిగానే ఉండాల. సుట్టూ మీ లెక్కలు ఎన్నైనా గీసుకోండి" అన్నాడు. దుప్పట్ల సంగతి ఎత్తాడు. "అలాంటి చిన్నపనులు మేము చెయ్యం" అన్నాను. అనీసా నా నడుం గిల్లింది. ఇప్పటికీ మంటగా ఉంది.

బయటికొచ్చాక మొదలుపెట్టింది. "దుప్పట్ల పని చేతిలోది. నువ్వు గాల్లోది తెచ్చినావు. రేపు ఆ బట్ట ఆయనకు నచ్చలేదంటే? నా బల్ల, అక్కా! నీకు ఉద్యోగం ఉండాది, నాకేముండాది?"

నాకు ఉద్యోగం ఉందన్న మాట వినగానే చెయ్యెత్తి ఆటోను ఆపాను.

ఆగస్టు 27, వినాయక చవితి

ఉండ్రాళ్ళు తిన్నాను. కాలేజీ వాళ్ళు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పండగ కదా.

ఆగస్టు 30, శనివారం

నిన్న శంఖం బొమ్మ గీశాను. శెట్టిగారు పెట్టె తెరవడానికి ఒప్పుకోలేదు, బయటి నుంచే చూసి గీసుకోమని పక్కనే నిలబడ్డాడు, నేనేదో దాన్ని నాలుగో కొలతలోకి తోసేస్తానన్నట్టు.

అచ్చు వేస్తే బొమ్మ ఎడమ కుడిగా తారుమారవుతుంది. అద్దంలో లాగా. చెక్క మీద ఉన్నదానికి బట్ట మీద పడేది ఎదురు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంటికొచ్చి బొమ్మను ముందే ఎదురు తిప్పి గీశాను. అంటే కాగితం మీద మామూలు శంఖం, బట్ట మీద వలంపురి. పొద్దున అనీసాకు ఇచ్చేశాను. తిప్పానని చెప్పలేదు. అచ్చు పడ్డాక తనే చూసి, మా అక్కకు పనితనం వచ్చేసిందే అనుకోవాలి.

సెప్టెంబర్ 4, గురువారం

షానవాజ్ స్కూటర్ మీద నుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ. చెయ్యి ఎత్తలేడు, రంపం పట్టలేడు. పాపం అని రాయాలి. రాస్తున్నా: పాపం.

అనీసా వాడికి అన్నం కలిపి తినిపిస్తోంది. తినిపిస్తూనే నావైపు చూసి కన్ను కొట్టింది.

ఘనం అచ్చు అయిపోయింది. శంఖం అచ్చు చెక్కుతోంది. మధ్యాన్నం ఉలి పక్కన పెట్టించి, బల్ల మీద కూర్చుని ఇద్దరం ఒకే క్యారియర్‌లో తిన్నాం. ఈమధ్య అమ్మ అన్నం ఎక్కువ పెడుతోంది. వయసు మీద పడి కొలత తప్పుతోందేమో.

ఇంత సంతోషంగా ఎన్నాళ్ళ కిందట ఉన్నానో గుర్తు లేదు.

సెప్టెంబర్ 9

పల్చటి మల్లు బట్ట తెచ్చి కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టాం. ఎండబెట్టిన బట్ట పచ్చిపాల కంపు. నేనూ అదే కంపు. ఆటోలో పక్కన కూర్చున్నామె ముక్కు మూసుకుని, "పాల వ్యాపారమా అమ్మా?" అంది. అవునన్నాను.

సెప్టెంబర్ 11, గురువారం

మునిగిపోయాం.

పొద్దున అంతా బ్రహ్మాండంగా సాగింది. ఇనుప తుప్పూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కసిమి రంగులో అచ్చు అద్ది, బట్ట మీద పెట్టి, దాని వీపు మీద అనీసా పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతుంది. అచ్చు ఎత్తేటప్పటికి లేత గీత, చూస్తుండగానే కరక్కాయ పట్టిన చోట నల్లగా తిరుగుతుంది. ఒక ఘనం వేశాం. జరిపి రెండో ఘనం వేశాం. గీతల అచ్చుతో మూలలకు మూలలు కలిపాం. బట్ట మీద నా నాలుగు కొలతల ఘనం లేచి నిలబడింది. అనీసా రెండడుగులు వెనక్కేసి, "యా అల్లా, లోపలికి పోయేట్టుండాదే" అంది.

చివరగా మధ్యలో శంఖం. గుద్దు. ఎత్తింది.

ఎడమవైపు సుడి. మామూలు శంఖం. గుడి ముందు అంగళ్ళలో రాసులు పోసి అమ్మే శంఖం.

"ఇదేందక్కా ఇట్ల తిరిగింది? నేను కాగితం బోర్లానే అతికించినానే!"

"బోర్లానా? నేను ముందే తిప్పి గీశానే!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తారుమారు చెయ్యాలని నేను దానికి చెప్పకుండా కాగితం మీద తిప్పాను. తారుమారు చెయ్యాలని అది నన్ను అడక్కుండా, వాళ్ళ నాన్న నేర్పినట్టు, కాగితాన్ని చెక్క మీద బోర్లా వేసింది. రెండుసార్లు తిరిగి మొదటికి వచ్చింది. దాన్ని అచ్చు మళ్ళీ తిప్పింది.

కట్టు చేత్తో గుమ్మంలో నిలబడి షానవాజ్ పగలబడి నవ్వాడు. ఈ నలుపు ఏం చేసినా పోదు. కొత్త అచ్చు చెక్కి, కొత్త బట్ట నానబెట్టి, ఎండబెట్టి, వెయ్యడానికి పండగలోపు టైము లేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

తప్పు ఎవరిదని వాదించుకోకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. తప్పు అనీసాదే.

కానీ అది కాదు రాయాల్సింది!

బట్టను బోరు నీళ్ళలో జాడించి షెడ్డు వెనక తీగ మీద ఆరేసింది అనీసా. నేను అలిగి తీగకు అవతల గోడ నీడలో కూర్చున్నాను. ఎదురుగా ఎండ. తల ఎత్తి చూస్తే వలంపురి! పల్చటి బట్ట కదా, రంగు అవతలికి దిగింది. వెనకనుంచి చూస్తే సుడి కుడివైపుకు తిరిగి ఉంది.

కేక పెట్టాను. ఏదో పాము వచ్చిందనుకుని అనీసా చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అనీసా, బల్ల మీద ఉన్న శంఖం బొమ్మను ఎటు జరిపినా, ఎంత గుండ్రంగా తిప్పినా వలంపురి అవుతుందా?"

"కాదు."

"ఎత్తి బోర్లా వేస్తే?"

"అయితాది. సూస్తా ఉండాం గదా."

"బల్ల మీద బతికే చీమకు పైకెత్తడం అనేది ఒకటుందనే తెలియదనుకో. దానికి ఇది మాయ. మనకు మాయ కాదు. నిజం శంఖాన్ని కూడా అలాగే, మనకు తెలియని ఇంకో వైపుకెత్తి బోర్లా వేస్తే వలంపురి అవుతుంది. ఆ వైపే నాలుగో కొలత!"

అనీసా తీగకు అటు పోయింది, ఇటు వచ్చింది. చీపురు కింద పెట్టింది. "ఈ మాట ముందే సెప్పుంటే ఎప్పుడో అర్థమయ్యేది గదా. ఇన్నాళ్ళూ నీ మొహం సూసి తలూపినా" అంది.

దీన్ని గోడకు కొట్టకూడదు. హాలు మధ్యలో వేలాడదియ్యాలి. చుట్టూ తిరిగి చూడాలి. మా తప్పు వల్లే ఇంత అందం వచ్చింది. (అనీసా తప్పు.)

సెప్టెంబర్ 15, సోమవారం

లాడ్జి హాల్లో రెండు స్తంభాలకు తాడు కట్టి బట్ట వేశాం. షానవాజ్ కూడా వచ్చాడు, సాక్షిగా. శెట్టిగారికి ముందు మామూలు శంఖం కనపడేలా నేనే కట్టాను. నాటకం ఉండాలి కదా.

ఆయన వచ్చాడు, చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యయ్యో, నా వలంపురిని ఏం చేసినారమ్మా! మా తాత ముఖం నేనెట్ల సూసేది!"

మోచెయ్యి పట్టుకుని బట్ట వెనక్కు తీసుకుపోయాను. నోరు తెరిచాడు. మళ్ళీ ముందుకు పోయాడు. మళ్ళీ వెనక్కు. పంచె ఎగ్గట్టుకుని మరీ తిరిగాడు. నా జీవితంలో ఏ విద్యార్థీ నా పాఠానికి అలా తిరగలేదు. ఇక గెలిచామనుకున్నాను.

"బాగుండాది. ఈ వలంపురి పక్క బయటికి పెట్టి గోడకు మేకులు కొట్టించేస్తా" అన్నాడు.

"గోడకు కొడితే ఇంకో పక్క కనపడదు కదా సార్!"

"కనపడకూడదనే గదా. మామూలు శంఖం నా లాడ్జిలో ఎందుకు?"

"రెండు పక్కలా చూస్తేనే దానికి అర్థం. లేకపోతే ఉత్త శంఖం బొమ్మ."

"నాక్కావలసింది ఉత్త శంఖం బొమ్మే తల్లీ."

అనీసా వెనకనుంచి నా కొంగు లాగుతోంది, సరే అనమని. నాకు మాత్రం వరండా, ఆలుగడ్డలు, ముగ్గులన్న మాట, అన్నీ ఒక్కసారిగా తలకెక్కాయి. తాడు విప్పేశాను. బట్టను చుట్టి చంకలో పెట్టుకున్నాను. "అంతగా గోడే ముఖ్యమైతే ఒక ఫ్లెక్సీ కొట్టుకోండి!" అన్నాను.

ఫ్లెక్సీ అన్నాను. షానవాజ్ ముందర. అనీసా మొహం చూడలేదు. చూడకుండా ఆటో ఎక్కేశాను.

సెప్టెంబర్ 16

నేను చేసింది సరైన పనే.

సెప్టెంబర్ 17

సరైన పనే. అనీసా ఫోన్ చెయ్యలేదు. నేను ఎందుకు చెయ్యాలి?

క్యారియర్ తీసుకుని అలిపిరి దాకా పోయి, కొండెక్కేవాళ్ళను చూస్తూ మెట్ల దగ్గర కూర్చుని, తిని వచ్చేశాను. అన్నం మిగిలిపోయింది.

సెప్టెంబర్ 18, గురువారం

స్నానం చేసి వచ్చేసరికి మంచం కింద దాచిన బట్ట బాల్కనీ తీగ మీద ఉంది. అమ్మ దాని చుట్టూ తిరుగుతోంది.

"ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. బలే ఉండాదే మే. దీన్ని మంచం కింద ఎవురికి సూపిస్తా ఉండావు, బొద్దింకలకా?"

"అది కాలేజీ..."

"సాల్లే. మీ ప్రిన్సిపాలు పోయిన నెల్లోనే ఇంటికి పోన్ చేసినాడు. నీ రాజీనామా తీసుకున్నాడంట. లెక్కలకు మనిషి దొరకలేదని ఒకటే ఏడుపు."

కుర్చీలో కూలబడ్డాను. "మరి ఇన్నాళ్ళూ క్యారియర్ ఎందుకు కట్టావు?"

"యాడికి పోయినా ఆకలేస్తాది గదా. చేతికి నలుపు సూసినాక ఇద్దరికి కడతా ఉండా. నీకు తెలీలేదా?" అంది. తర్వాత నా పక్కన కూర్చుని, "రెండు దినాలుగా అన్నం మిగిలొస్తా ఉండాది. ఆ పిల్లతో కొట్లాడినావా?" అంది.

అంతా చెప్పాను. బల్ల సంగతి చెప్పేటప్పుడు ఏడ్చేశాను. షానవాజ్ కట్టు విప్పించుకుని ఉంటాడు, రంపం తెచ్చే ఉంటాడు. నాలుగో కొలత నాకు వచ్చు కానీ, నా పంతం కోసం ఇంకొకరి బల్ల తెగిపోతుందన్నది నా బుర్రకు ఎక్కలేదు. ఆ గోడకు నేనే మేకులు కొట్టి ఇవ్వాలి. శంఖం ఒక పక్కే కనపడితే కనపడనీ. ఇది నాకు ఇష్టం లేదు. ఏ మాత్రం ఇష్టం లేదు. అయినా చేస్తాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

సంచిలో బట్ట, సుత్తి, మేకులు వేసుకుని లాడ్జికి పోయాను. క్షమాపణ మాటలు దారంతా బట్టీ పెట్టాను. తీరా పోతే శెట్టిగారు స్టూలు పక్కన నిలబడి, ఒక మనిషి చేత హాలు కప్పుకు కొక్కేలు బిగిస్తున్నాడు.

"సార్, ఆరోజు నోరు జారాను. మీరన్నట్టే గోడకు కొట్టేయండి. మేకులు నేనే తెచ్చాను."

శెట్టిగారు నా చేతిలో సుత్తి వంకా, నా వంకా చూశాడు. "ఏందమ్మా, మీరిద్దరూ కలిసి నన్నాడిస్తా ఉండారా? పొద్దన్నే ఆమె వచ్చి, మా అక్క సెప్పినట్టు మధ్యలో కడితేనే బట్ట, గోడకైతే లేనే లేదు అనె. ఇప్పుడు నువ్వొచ్చి గోడకే అంటావు. మీలో ఎవురి మాట పెద్ద?"

"అనీసా వచ్చిందా?"

"రాకపోతే ఈ కొక్కేలు యాలా? పోతా పోతా ఒక మాటనింది. వలంపురి హాలు పక్క పెడితే, మామూలుది గోడ పక్క సూస్తా ఉంటాది గదా సెట్టిగారూ, గోడకవతల ఏముండాది అని అడిగింది. ఏముండాది? నా క్యాష్ రూము! రేయీ పగలూ అది దాన్నే సూస్తా ఉంటే నా గతేం గావాల?"

నవ్వు ఆపుకోవడానికి చెంప లోపల కొరుక్కున్నాను.

"అందుకే నేనే బాగా ఆలోచన చేసి ఒక ఉపాయం కనిపెట్టినా. నడిమధ్యన యాలాడదీస్తా. లోపలికొచ్చేవాళ్ళకు వలంపురి. రూము ఖాళీ చేసి పోయేవాళ్ళకు మామూలుది సాలు."

"ఎంత గొప్ప ఆలోచన సార్! నాకు తట్టనే లేదు" అన్నాను. నా పాఠాన్ని నాకే చెప్పినవాణ్ణి మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

బట్ట ఎక్కింది. ఫ్యాన్ గాలికి ఘనం కదిలింది. శెట్టిగారు చుట్టూ రెండుసార్లు తిరిగి, పై అంతస్తులకు కూడా ఇలాంటివే కావాలన్నాడు. నేను సరే అని, అడక్కుండానే దుప్పట్ల పని కూడా ఒప్పుకుని, షెడ్డుకు పరిగెత్తాను.

షానవాజ్ గుమ్మంలో రంపం పక్కన పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. "ఎక్కిందా మేడం?" అన్నాడు. ఎక్కిందన్నాను. రంపాన్ని గోడకు ఆనించి, ఫోన్ తీసి, అద్దెకు వేరే గది ఎక్కడ దొరుకుతుందని ఎవరినో విసుక్కుంటూ బయటికి పోయాడు.

అనీసా బల్ల మీద కొత్త బట్ట పరుస్తోంది. నావైపు చూడలేదు.

"ఎందుకు పోయావు లాడ్జికి? గోడకైతే వద్దని ఎందుకన్నావు? ఆయన పొమ్మని ఉంటే బల్ల పోయేది కదా."

"పోయేది."

"మీ నాన్న బల్ల!"

"మా అబ్బా బల్లే. నువ్వు రాకపోతే దాని మీద ఒక్క అచ్చు వెయ్య బుద్ధి కాలేదక్కా. నువ్వు రాని షెడ్డులో అది ఉంటే ఏం, కోసేస్తే ఏం?"

నిలబడినచోటే నాకు కళ్ళ నీళ్ళు కారిపోయాయి. అది తల ఎత్తి చూసి, బట్టను తనవైపు లాక్కుంది.

"కరక్కాయ బట్ట అక్కా, నీళ్ళు పడితే మచ్చపడతాది. ఏడ్చేదేదో పక్కకు జరిగి ఏడువు."

జరిగాను.